ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి: క్యాన్సర్ చికిత్సలో ఉన్న పసిపిల్లల సంరక్షణ

పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. ఆసుపత్రుల్లో పొట్టిగా ఏఎల్ఎల్ అంటారు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్లోనే ఇది ఎక్కువ. చికిత్స రెండు, రెండున్నరేళ్లు సాగుతుంది. కొన్ని పద్ధతుల్లో మూడేళ్ల దాకా పడుతుంది. మూడో ఏట జబ్బు బయటపడిన పిల్లకు చివరి మాత్ర వేసేసరికి ఐదేళ్లు దాటుతాయి. ఊహ తెలిశాక గడిచిన కాలమంతా మందులతోనే గడిచినట్టు లెక్క. కిడ్నీలో వచ్చే విల్మ్స్ కణితి, నాడీ కణాల్లో మొదలయ్యే న్యూరోబ్లాస్టోమా, కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా కూడా ఎక్కువగా ఈ చిన్న వయసులోనే వస్తాయి. వాటి చికిత్స కొన్నిసార్లు నెలల్లోనే ముగియొచ్చు గానీ, ఆపరేషన్, రేడియేషన్ తోడైతే ఆ నెలలే చాలా బరువుగా నడుస్తాయి.

లుకేమియా చికిత్సలో ఆసుపత్రి మంచం మీద గడిచే రోజులు లెక్కేస్తే మొత్తం కాలంలో కొద్ది భాగమే. మొదటి నెల, తర్వాత వచ్చే ఒకట్రెండు గట్టి దశలు, మధ్యలో జ్వరాలొచ్చి చేరిన రోజులు. మిగతాదంతా ఇంట్లోనే. మాత్ర వేసేది, ఒళ్లు వేడిగా ఉందేమో చూసేది, నోట్లో పూత గమనించేది, రాత్రి రెండింటికి లేచి కూర్చునేది, అన్నీ అమ్మానాన్నలే. డిశ్చార్జి రోజున ఒక ఫైలు, ఒక మందుల సంచి, ఒక ఫోన్ నంబరు చేతికొస్తాయి. వాటితోపాటు సగం నర్సు ఉద్యోగం కూడా వచ్చి మీద పడుతుంది.

అక్కణ్నుంచి చాలా ఇళ్లలో జరిగేది ఒక్కటే. మొదటి రెండు నెలలు ప్రతిదానికీ భయం. తలుపు గొళ్లెం దగ్గర్నుంచి బొమ్మల దాకా అన్నీ తుడవడం, చుట్టాలెవరినీ గడప తొక్కనివ్వకపోవడం, ముద్ద ముద్దకీ యుద్ధం. ఆ వేగంతో రెండేళ్లు ఎవరూ పరిగెత్తలేరు. ఏడాది తిరిగేసరికి ఒళ్లు అలిసిపోయి, వదలకూడనివి కూడా చేజారిపోతాయి. గట్టిగా పట్టుకోవాల్సినవి నిజానికి నాలుగే: జ్వరం, రోజూ వేయాల్సిన మందు, మందు ఎక్కించడానికి ఒంట్లో పెట్టిన లైను (గొట్టం), పిల్లలతో చెప్పే మాటలో నిజం. వీటి దగ్గర బిగించి మిగతా చోట్ల చెయ్యి వదులు చేయగలిగితేనే ఇంట్లోవాళ్లు చివరిదాకా నిలబడతారు.

జ్వరం: పొద్దున దాకా ఆగని సంగతి

కీమో మందులు త్వరగా విభజన చెందే కణాల మీద పడతాయి. క్యాన్సర్ కణాలతోపాటు జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముక మజ్జ కూడా ఆ కోవలోవే. మజ్జ దెబ్బ తింటే రక్తంలో కౌంట్లు, అంటే కణాల సంఖ్యలు, పడిపోతాయి. అందులో చూడాల్సింది న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల సంఖ్య. రిపోర్టులో దీన్ని ఏఎన్‌సీ అని రాస్తారు. అది 500 కంటే తగ్గితే బ్యాక్టీరియాను ఎదుర్కొనే సైన్యం దాదాపు లేనట్టే. చాలా మందులకు, ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య కౌంట్లు అడుగంటుతాయి. అంటే కీమో అయిపోయి, వాంతులు ఆగి, 'గండం గడిచింది' అనుకునే వారంలోనే అసలు జాగ్రత్త కావాలి.

మామూలుగా ఇన్‌ఫెక్షన్ వస్తే చీము పడుతుంది, ఎర్రగా వాస్తుంది, దగ్గు వస్తుంది. ఇవన్నీ తెల్లకణాలు పోరాడుతున్నాయనడానికి గుర్తులు. పోరాడే కణాలే లేనప్పుడు ఆ గుర్తులూ కనిపించవు. ఒళ్లు వేడెక్కడం ఒక్కటే మిగులుతుంది. అందుకే మామూలు పిల్లాడికి 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) ఉంటే తడిగుడ్డ వేసి ఊరుకునేవాళ్లు, కీమో నడుస్తున్న పిల్లాడి విషయంలో అదే అంకె చూడగానే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. కొన్ని ఆసుపత్రులు 38.3 దాటితే వెంటనే రమ్మంటాయి, లేదా 38 డిగ్రీల జ్వరం గంటసేపు తగ్గకుండా ఉంటే రమ్మంటాయి. పిల్లాడు చూపించుకునే చోట ఏ అంకె చెప్పారో అదే పాటించాలి. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి అందరికీ కనిపించేలా పెట్టుకోవాలి. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటిబయాటిక్ నరంలోకి ఎక్కాలన్నది చాలా చోట్ల పెట్టుకునే లక్ష్యం. ఇన్‌ఫెక్షన్ రక్తంలో పాకిందంటే గంటల్లో పరిస్థితి మారిపోతుంది.

రాత్రి పదకొండున్నర. పిల్లాడు నిద్రలో మూలుగుతున్నాడు. నుదురు వేడిగా ఉంది. థర్మామీటరు 38.2 చూపిస్తోంది. బయట వాన. నాన్న 'పారాసెటమాల్ వేసి పొద్దున్నే తీసుకెళ్దాం' అంటాడు. ఆ మాటలో నిర్లక్ష్యమేమీ లేదు, వెనక మూడు నెలల అలసట ఉంది. కానీ ఈ ఒక్క చోట ఆ మాట చెల్లదు. పారాసెటమాల్ వేస్తే అంకె తగ్గుతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ తగ్గదు. కాబట్టి జ్వరం చూసి, ఫోన్ చేసి, వాళ్లు వేయమన్నాకే వేయాలి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి, డాక్టర్ చెప్పనిదే వాటి జోలికి పోకూడదు. మలద్వారంలో థర్మామీటరు పెట్టడం, మందు బిళ్లలు పెట్టడం, ఎనిమా ఇవ్వడం కూడా వద్దు. అక్కడ చిన్న గీత పడినా బ్యాక్టీరియా లోపలికి దారి చేసుకుంటుంది.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. చికిత్సలో భాగంగా స్టెరాయిడ్ వాడుతున్న రోజుల్లో జ్వరం పైకి తేలకపోవచ్చు. ఒళ్లు చల్లగానే ఉండి పిల్ల నీరసించిపోయినా, చర్మం పాలిపోయినా, వణికినా, కడుపు నొప్పితో మెలికలు తిరిగినా జ్వరం వచ్చినట్టే లెక్కలోకి తీసుకోవాలి. పిల్ల తీరు ఏదో తేడాగా ఉందని తల్లికి అనిపించడం కూడా ఒక లక్షణమే. మంచి ఆసుపత్రుల్లో ఆ మాటను తేలిగ్గా తీసుకోరు.

అలాగని అరగంటకోసారి థర్మామీటరు పెడుతూ కూర్చుంటే ఇంట్లో అందరికీ టెన్షన్ తప్ప వచ్చేదేమీ లేదు. పిల్ల వేడిగా అనిపిస్తేనో, తేడాగా కనిపిస్తేనో చూస్తే చాలు. దానికి బదులు ఆసుపత్రి సంచి ఎప్పుడూ సర్ది ఉంచుకోవడం పనికొస్తుంది. ఫైలు, రెండు జతల బట్టలు, ఛార్జర్, పిల్ల పట్టుకుని పడుకునే బొమ్మ. బొమ్మ మరిచిపోయారంటే ఆ రాత్రి వార్డులో ఎవరికీ నిద్ర ఉండదు.

లైను గురించి రెండు ముక్కలు. చేతి నరాల్లో మాటిమాటికీ సూదులు గుచ్చకుండా, ఛాతీ దగ్గర చర్మం కింద పోర్ట్ అమరుస్తారు, లేదా సన్నని గొట్టం బయటికి ఉండేలా లైను పెడతారు. గుండె దగ్గరి పెద్ద నరానికి అది నేరు దారి. చేతులు కడగకుండా దాన్ని ముట్టుకోకూడదు, కట్టు తడిసినా ఊడినా వెంటనే చెప్పాలి. లైను లోపల కడిగిన (ఫ్లష్ చేసిన) కాసేపటికే వణుకు పుట్టుకొస్తే గొట్టంలోనే ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాలి.

రోజూ వేసే మాత్ర

1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు వాడి చూడటం మొదలుపెట్టారు. ఆ మందు, అమినాప్టెరిన్, తయారైంది లెడర్లీ ప్రయోగశాలలో, మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం చేతుల్లో. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అప్పటిదాకా వారాల్లో ప్రాణం తీసే జబ్బు అది. అదే బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది. దానికి తోడుగా వాడే మెర్కాప్టోప్యూరిన్‌ను కనిపెట్టిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ బహుమతి దక్కింది.

ఒక్కో మందూ జబ్బును కొన్ని నెలలు ఆపింది గానీ నయం చేయలేకపోయింది. 1962 నుంచి అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ డోనాల్డ్ పింకెల్ బృందం అన్ని మందులనూ కలిపి, వెన్నునీరు దాకా చేరేలా చూసి, ఏళ్ల తరబడి ఆపకుండా ఇచ్చే పద్ధతి చేపట్టింది. ఆ దశాబ్దం చివరికి దాదాపు సగం మంది పిల్లలు నయమయ్యే స్థితి వచ్చింది. ఇప్పుడు సంపన్న దేశాల్లో అది 90 శాతం దగ్గర ఉంది. మందుల జాబితా ఎంతో మారినా 'ఆపకుండా, చాలాకాలం' అన్న సూత్రం మారలేదు.

ఎందుకంత కాలం? జబ్బు బయటపడేసరికి పిల్లాడి ఒంట్లో లక్ష కోట్ల దాకా లుకేమియా కణాలు ఉంటాయని అంచనా. మొదటి నెల చికిత్స తర్వాత మజ్జ పరీక్షలో 'రెమిషన్ వచ్చింది' అంటారు, అంటే ఆ పరీక్షకు జబ్బు కనబడని స్థితి. అది పెద్ద శుభవార్తే. కానీ అప్పటికీ మైక్రోస్కోపుకు చిక్కని కణాలు వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండొచ్చు. ఇప్పుడు వాటిని ఇంకా సున్నితంగా లెక్కపెట్టే పరీక్షలున్నాయి. ఆ మిగిలిన వాటి కోసమే తర్వాతి రెండేళ్లూ. రెమిషన్ అన్న మాటను 'నయమైపోయింది' అని అర్థం చేసుకుని మధ్యలో చికిత్స మానేసే కుటుంబాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఖర్చు, దూరం, ఉద్యోగాలు పోవడం ఒక కారణమైతే, ఆ మాటను ఎవరూ విడమరిచి చెప్పకపోవడం మరో కారణం. ప్రపంచంలో ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకు, 19 ఏళ్లలోపు వాళ్లకు, క్యాన్సర్ వస్తోంది. సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం లోపే. 2030 నాటికి అందరికీ కనీసం 60 శాతానికి చేర్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఈ తేడాకు చికిత్స మధ్యలో ఆగిపోవడం ఒక ముఖ్య కారణం.

మెయింటెనెన్స్ అనే చివరి దశలో మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికోసారి మాత్రల రూపంలో ఇస్తారు. అప్పటికి జుట్టు మళ్లీ వచ్చేసి ఉంటుంది. పిల్లాడు గెంతుతుంటాడు, అన్న చేతిలో బొమ్మ లాక్కుంటాడు. జబ్బు మనిషిలా కనిపించడు కాబట్టే మాత్ర మరిచిపోవడం తేలిక. వేయాల్సిన మెర్కాప్టోప్యూరిన్ మోతాదుల్లో 95 శాతం కంటే తక్కువ పడిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు బాగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. నెలకు 30 మోతాదుల లెక్కన చూస్తే, రెండు తప్పితేనే ఆ గీత కిందికి జారినట్టు. కీమో సెలైన్ కోసం వందల మైళ్లు వెళ్లే కుటుంబం కూడా ఇంట్లో మాత్రను ఇంత సీరియస్‌గా తీసుకోకపోవచ్చు. సెలైన్ సీసా కనబడినంత మాత్ర కనబడదు మరి.

ఈ మాత్ర ఖాళీ కడుపునే వేయాలి, పాలతో వేయకూడదు, రాత్రే వేయాలి అని చాలాకాలం చెప్పేవారు. తర్వాత జరిగిన పరిశీలనలో ఆ అలవాట్లకూ జబ్బు తిరగబెట్టడానికీ సంబంధం కనిపించలేదు. రోజూ ఒకే సమయానికి వేసే ఇళ్లలో మాత్రం మందు తప్పడం తక్కువ. డాక్టరు ఒప్పుకుంటే ఆ నియమాల బరువు దించుకుని, టైము ఒక్కటి గట్టిగా పట్టుకోవడం మేలు. క్యాలెండర్‌లో టిక్కు పెడితే అమ్మ వేసిందా, నాన్న వేశాడా అన్న అనుమానం ఉండదు. వారానికోసారి వేసే మెథోట్రెక్సేట్‌కు వారంలో ఒక రోజును ఖాయం చేసుకోవాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వేశాక వాంతి చేసుకుంటే మళ్లీ వేయాలా వద్దా అన్నది సొంతంగా తేల్చుకోకుండా అడగాలి. కీమో మాత్రలను అడక్కుండా పొడి చేయకూడదు. చేతులకు గ్లౌజులు ఉండాలి, కడుపుతో ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. కీమో ఇచ్చాక రెండు రోజుల పాటు డైపర్లు, వాంతి బట్టలు తీసేటప్పుడు కూడా అంతే.

మూడేళ్ల పిల్లకు మాత్ర మింగించడం ఒక విద్య. ఇష్టంగా తినే దాంట్లో, తాగే దాంట్లో మందు కలిపేస్తే ఆ రోజుకు పని జరుగుతుంది. కానీ చేదు పట్టేసిన మర్నాటి నుంచి మందూ వద్దంటుంది, ఉన్న ఒక్క ఇష్టమైన తిండీ వద్దంటుంది. 'చాక్లెట్ ఇస్తున్నా' అని చెప్పి మాత్ర పెట్టడమూ అలాంటిదే. 'మందు వేసుకుంటావా?' అని అడిగితే 'వద్దు' అనే హక్కు ఇచ్చినట్టే. వేయడం తప్పదన్నప్పుడు ఆ ప్రశ్న అడక్కూడదు. 'ఎర్ర కప్పుతోనా, నీలం కప్పుతోనా?' అన్నది అడగదగిన ప్రశ్న. చేతిలో ఏదీ లేని పిల్లకు ఆ కప్పు రంగే పెద్ద అధికారం.

సూది దగ్గర అబద్ధం

పోర్ట్‌లో సూది గుచ్చే రోజు. గంట ముందే ఛాతీ మీద చర్మం మొద్దుబారే క్రీము రాసి పైన పారదర్శకమైన అంటుకునే పట్టీ వేశారు. ఆ పట్టీ పీకడమే నొప్పి అని నాలుగేళ్ల పిల్ల మొదలుపెడుతుంది, కాబట్టి నర్సు తడి చేసి మెల్లగా అంచు నుంచి తీస్తుంది. పిల్లను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టలేదు. అమ్మ ఒళ్లో, వీపు అమ్మకు ఆన్చి కూర్చుంది. అమ్మ చేతులు ఆమె చేతుల మీద ఉన్నాయి. చూస్తే కౌగిలిలా ఉంటుంది, కదలకుండా పట్టుకున్నట్టూ ఉంటుంది. ఎదురుగా నాన్న సబ్బు బుడగలు ఊదిస్తున్నాడు. బుడగ ఊదాలంటే ఊపిరి నిదానంగా వదలాలి, అప్పుడు ఒళ్లు బిగుసుకోదు. 'ఒకటి, రెండు, మూడు అన్నాక గుచ్చుతాను' అని చెప్పిన నర్సు మూడు అన్నాకే గుచ్చుతుంది. రెండు దగ్గరే గుచ్చేస్తే ఆ ఒక్కసారికి సులువైపోతుంది, తర్వాతి వంద సార్లకూ ఆ అంకెలు పనికిరాకుండా పోతాయి.

'అస్సలు నొప్పి ఉండదు' అన్న మాట కూడా అంతే. చెప్పేది ప్రేమతోనే. కానీ సూది దిగగానే పిల్లకు రెండు సంగతులు తెలుస్తాయి: నొప్పి ఉందని, అమ్మ అబద్ధం చెప్పిందని. ఆ తర్వాత స్కానింగ్‌కు తీసుకెళ్తూ 'ఇది నిజంగానే నొప్పి ఉండదు' అన్నా నమ్మదు. 'కొంచెం నొక్కినట్టు ఉంటుంది, త్వరగా అయిపోతుంది, నేను పట్టుకునే ఉంటాను' అంటే అందులో ఒక్క అబద్ధమూ లేదు. ఎప్పుడు చెప్పాలన్నది వయసును బట్టి ఉంటుంది. రెండు మూడేళ్ల పిల్లకు రెండు రోజుల ముందు చెబితే రెండు రోజులూ భయమే. కాసేపటి ముందు చెబితే చాలు.

జబ్బు గురించి చెప్పడం దగ్గర పెద్దవాళ్లు ఇంకా తడబడతారు. 'చిన్నపిల్ల, ఏం తెలుస్తుంది' అన్నది అందరి నోటా వచ్చే మాట. 1970ల్లో మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అనే మానవశాస్త్ర పరిశోధకురాలు ఒక ఆసుపత్రిలో లుకేమియా పిల్లల మధ్య కూర్చుని వాళ్ల మాటలు, ఆటలు గమనించారు. అందులో మూడేళ్ల వాళ్లూ ఉన్నారు. ఎవరూ నేరుగా చెప్పకపోయినా వాళ్లకు తమ జబ్బు సంగతి, అది ఎంత తీవ్రమైనదో కూడా తెలుసు. మందుల పేర్ల నుంచి, గుసగుసల నుంచి, ఉబ్బిన కళ్ల నుంచి, పక్క మంచం ఖాళీ అవడం నుంచి కూడబెట్టుకున్నారు. తెలిసిన సంగతి అమ్మానాన్నల దగ్గర దాచారు, వాళ్లు బాధపడతారని. పెద్దవాళ్లు పిల్లల కోసం, పిల్లలు పెద్దవాళ్ల కోసం నటించడం. ఎవరి భయంతో వాళ్లు ఒంటరిగా మిగలడం.

చిన్నపిల్లలకు మరో చిక్కు ఉంది. ఆ వయసులో, తాము మనసులో అనుకున్నది బయట జరుగుతుందని నమ్ముతారు. 'తమ్ముణ్ని కొట్టాను కాబట్టి నాకు జబ్బు చేసింది' అనుకోవడం ఈ వయసులో మామూలు. అడక్కపోయినా మూడు మాటలు మళ్లీ మళ్లీ చెప్పాలి: నువ్వేం చేసినందుకూ ఇది రాలేదు, నీ నుంచి ఎవరికీ అంటుకోదు, నిన్ను ఎవరో ఒకరం చూసుకుంటూనే ఉంటాం. మిగతావి వాళ్లు అడిగినంత మేరకు, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పొచ్చు.

స్టెరాయిడ్ వారాలు

మందుల్లో ఇంటిని తలకిందులు చేసేది డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లే. పిల్ల ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. రాత్రి మూడింటికి లేచి ఆకలి అంటుంది, అదీ కచ్చితంగా ఫలానాదే కావాలంటుంది, చేసి పెడితే 'ఇది కాదు' అని ఏడుస్తుంది. ఉప్పటివి అడుగుతుంది. కారణం లేకుండా కోపం, కారణం లేకుండా ఏడుపు. వెన్నులో మందు ఇవ్వడానికి మత్తు కోసం పొద్దున్నే కడుపు ఖాళీగా ఉంచాల్సిన రోజు ఇదే వారంలో పడితే ఆ ఉదయం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోజు మత్తు ఇవ్వాల్సిన పిల్లల లిస్టులో తమ పిల్లను ముందు పెట్టమని అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

ఈ రోజుల్లో పిల్లకు క్రమశిక్షణ నేర్పాలని చూడటం దండగ. ఆ కోపం మందుది. స్టెరాయిడ్ రోజుకు రెండుసార్లు వేస్తుంటే రెండో మోతాదును సాయంత్రం పెందలాడే ఇవ్వొచ్చేమో అడిగితే నిద్ర కొంచెం నయం. స్టెరాయిడ్‌ను ఎవరూ చెప్పకుండా ఉన్నట్టుండి ఆపడం మాత్రం ప్రమాదం.

విన్‌క్రిస్టిన్ అనే మందు నరాల (రక్తనాళాలు కాదు, కదలికలు నడిపే నాడుల) మీద ప్రభావం చూపుతుంది. దవడ నొప్పి, మలబద్ధకం, పాదం ఎత్తి వేయలేక తడబడటం దాని వల్లే. నడిచే పిల్ల మళ్లీ ఎత్తుకోమంటే మారాం అనుకునే ముందు పాదాలు చూడాలి. డాక్సోరుబిసిన్ ఎరుపు రంగు మందు. అది ఎక్కిన రోజు మూత్రం ఎర్రగా వస్తే అది రక్తం కానక్కర్లేదు, మందు రంగు. ముందే చెప్పి ఉంటే ఆ రోజు డైపర్ మార్చేటప్పుడు గుండె ఆగినంత పని కాదు.

తిండి దగ్గర చెయ్యి వదలడం

అమ్మమ్మల బాధంతా తిండి గురించే. పిల్ల తినకపోతే చికిత్స పని చేయదేమోనని భయం. నోరు పూసినప్పుడు, వాంతులవుతున్నప్పుడు, కీమో నాలుక రుచే మార్చేసినప్పుడు తినమని బలవంతపెడితే తిండి అంటేనే భయం పట్టుకుంటుంది. బాగున్న రోజుల్లో తిన్నది బాగోలేని రోజుల్ని కొంత పూడుస్తుంది. పళ్లెం నిండా పెట్టేకంటే చిన్న గిన్నెలో రెండు ముద్దలు పెట్టి, తింటే తింది లేదంటే లేదు అని తీసేయడం మంచిది. వాంతి మందును వాంతి వచ్చాక కాకుండా ముందే టైము ప్రకారం ఇవ్వాలి. బరువు తగ్గుతూ పోతే ముక్కు గొట్టం పెడదామంటారు. దాన్ని ఓడిపోయినట్టు చూస్తారు చాలామంది. గొట్టం పడ్డాక మందు యుద్ధాలు, ముద్ద యుద్ధాలు రెండూ ఆగిపోయి ఇల్లు తెరిపిన పడ్డ కుటుంబాలు తక్కువేమీ లేవు.

కౌంట్లు తక్కువున్నప్పుడు పచ్చి పళ్లు, కూరగాయలు పూర్తిగా మాన్పించే ప్రత్యేక పథ్యం ఒకటి చాలాకాలం నడిచింది. పోల్చి చూస్తే, శుభ్రంగా కడిగి, బాగా ఉడికించి, వండినది నిలవ ఉంచకుండా పెట్టే మామూలు జాగ్రత్తల కంటే దానివల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్టు తేలలేదు. సరిగ్గా ఉడకని మాంసం, గుడ్లు, కాచని పాలు మాత్రం వద్దు. మూలికలు, పసర్లు, ఎవరో చెప్పిన పొడులు కూడా డాక్టరుకు చెప్పకుండా ఇవ్వకూడదు. కీమో మందులను లివరే సంభాళించాలి, దాని మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది.

ఇంట్లో మిగతావాళ్లు

ఇంటికి చుట్టాలు రావడం మానక్కర్లేదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు రాకపోతే చాలు, వచ్చినవాళ్లు చేతులు కడుక్కుంటే చాలు. ఒక్క ఆటలమ్మ, తట్టు విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. ఆటలమ్మ సోకిన పిల్లతో ఒక గదిలో ఆడుకున్నాడని తెలిసిన రోజే ఫోన్ చేయాలి. మొదటి మూడు నాలుగు రోజుల్లో ఇచ్చే నివారణ మందుకు విలువ ఎక్కువ. చికిత్సలో ఉన్న పిల్లకు ఆటలమ్మ, తట్టు టీకాల లాంటి బతికున్న క్రిములతో చేసేవి వేయరు. తోబుట్టువులకు మాత్రం వాళ్ల టీకాలన్నీ పడాలి, పోలియో మాత్రం చుక్కలు కాకుండా ఇంజెక్షన్ రూపంలో. చుట్టూ ఉన్నవాళ్ల రక్షణే ఆ పిల్లకు రక్షణ.

తోబుట్టువుల సంగతి ఎప్పుడూ ఆఖరికే వస్తుంది, ఇక్కడ వచ్చినట్టే. అమ్మ నెల రోజులు ఇంట్లో ఉండదు. వచ్చినవాళ్లంతా చెల్లికి బొమ్మలు తెస్తారు. 'అన్నయ్యవి కదా, సర్దుకో' అంటారు. ఏడేళ్ల అన్నయ్యకు చెల్లి మీద జాలి, అసూయ, తనకూ వస్తుందేమోనన్న భయం, అసూయ పడినందుకు తప్పు చేశానన్న బాధ, అన్నీ ఒకేసారి. రోజుకు పదిహేను నిమిషాలు ఒక్కడితోనే కూర్చునే పెద్దమనిషి ఒకరు ఉంటే చాలావరకు గట్టెక్కుతాడు. ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించడం కూడా మంచిదే. వాడు ఊహించుకున్న చోటు అసలు చోటు కంటే భయంకరంగా ఉంటుంది.

జబ్బు పిల్లకు గారం ఎక్కువవడం సహజం. కొట్టినా ఊరుకోవడం, అడిగిందల్లా కొనడం. కానీ నియమాలన్నీ ఎత్తేస్తే 'అమ్మానాన్న నన్ను తిట్టడం మానేశారు, అంటే నాకేదో ఘోరం జరగబోతోంది' అని పిల్లే పసిగడుతుంది. స్టెరాయిడ్ వారాలు వదిలేస్తే, మిగతా రోజుల్లో కొట్టకూడదు అంటే కొట్టకూడదు. డైపర్ మానేసిన పిల్ల మళ్లీ పక్క తడిపితే, వేలు నోట్లో పెట్టుకుంటే మాత్రం పట్టించుకోకుండా వదిలేయాలి. ఆసుపత్రి చేసిన పని అది, సర్దుకుంటుంది.

ఇక అమ్మానాన్నలు. పిల్లలకు క్యాన్సర్ వచ్చిన తల్లిదండ్రుల్లో యుద్ధం చూసి వచ్చినవాళ్లకు ఉండే లాంటి లక్షణాలు, అంటే ఉలిక్కిపడటం, పీడకలలు, ఆసుపత్రి వాసన తగిలితే చెమటలు పట్టడం, చాలామందిలో కనిపిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఒకరు ఫైళ్లు, అంకెల్లో మునిగితే ఇంకొకరు ఆ మాటే ఎత్తరు. ఒకరికొకరు రాయిలా కనిపిస్తారు. 'ఏం సాయం కావాలో చెప్పండి' అనే బంధువులకు జవాబు చెప్పే ఓపిక కూడా వాళ్లకు ఉండదు. ఒక రాత్రి ఆసుపత్రిలో కాపలా ఉంటానని చెప్పి వచ్చి కూర్చునేవాళ్లే నిజంగా పనికొచ్చేవాళ్లు.

నొప్పి విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం తరచూ అడ్డొస్తుంది. మార్ఫిన్ అంటే అలవాటైపోతుందని, చివరి దశకే ఇస్తారని భయపడతారు. నోరంతా పుండై ఉమ్మి కూడా మింగలేని పిల్లకు డాక్టర్ల పర్యవేక్షణలో కొద్ది రోజులు ఇస్తే వ్యసనమేమీ కాదు. పాలియేటివ్ కేర్ అన్న మాట విన్నా అదే భయం. నొప్పి, వాంతులు, నిద్ర, భయం చూసుకునే ఆ బృందం నయం చేసే చికిత్సతోపాటు మొదటి రోజు నుంచీ పని చేయొచ్చు. ఒకవేళ జబ్బు లొంగకపోతే, అప్పటికే పిల్లను ఎరిగిన మనుషులు పక్కన ఉంటారు.

చివరి మాత్ర తర్వాత

చికిత్స ముగిసిన రోజు అందరూ సంబరపడతారు. కొన్ని ఆసుపత్రుల్లో గంట కొట్టిస్తారు. ఆ వారమే చాలామంది తల్లులకు నిద్ర పట్టదు. రెండేళ్లుగా జబ్బుకూ పిల్లకూ మధ్య ఒక మాత్ర అడ్డంగా ఉండేది, ఇప్పుడు అది లేదు. కాలు నొప్పన్నా, చర్మం మీద చిన్న మచ్చ కనిపించినా మళ్లీ మొదలైందేమోనన్న దడ. రక్తపరీక్షల మధ్య ఎడం పెరిగే కొద్దీ ఆ దడ మెల్లగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. వాడిన మందులను బట్టి గుండె, వినికిడి, ఎదుగుదల, చదువు ఏళ్ల తరబడి చూసుకుంటూ ఉండాలి. అందుకే ఏ మందు మొత్తం ఎంత పడిందో రాసిన కాగితం ఇంట్లో భద్రంగా ఉండాలి. ఇరవై ఏళ్ల తర్వాత కొత్త డాక్టరుకు చూపించాల్సింది అదే. ఆగిన టీకాలు దాదాపు ఆరు నెలల తర్వాత మళ్లీ మొదలవుతాయి. పోర్ట్ ఉన్నన్నాళ్లూ జ్వరం నియమం పాతదే.

పోర్ట్ తీశాక, కౌంట్లు కుదురుకున్నాక, ఒక రాత్రి పిల్లాడికి జలుబు చేసి ఒళ్లు వేడెక్కుతుంది. 38.4. అమ్మ అలవాటుగా సర్దిన సంచి కోసం వెతుకుతూనే ఫోన్ చేస్తుంది. అవతలి నుంచి డాక్టరు రెండు ప్రశ్నలు అడిగి, 'పారాసెటమాల్ వేయండి, పొద్దున చూద్దాం' అంటారు.